పిలుపుల చంద్రరావు కన్ను

చంద్రరావు కుడికంట్లో పొర ఊడిపోయిన రోజు కూడా అతను ఎవరిదో పిలుపుల పని మీదే తిరుగుతున్నాడు. కంటి మూల నుంచి నల్లటి చీరచెంగు ఒకటి కిందకి జారుతున్నట్టు కనిపిస్తుంటే, కన్ను నలుపుకుంటూనే మరికొన్ని ఇళ్ళకి వెళ్ళాడు. ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించి, "మీరు రాకపోతే బాగోదండి, కుటుంబంతో రావాలండి" అని బతిమాలాడు. ఇంటికొచ్చేసరికి తన గడపే తనకి కనపడక, తన్నుకుని బోర్లా పడ్డాడు. పోనీ ఆ శుభకార్యం సొంతవాళ్ళదా అంటే అదీ కాదు. వెనక వీధిలో ఎవరింట్లోనో ఓణీల ఫంక్షను.

అలాంటి మనిషి. కడియం పక్కన ఆ ఊళ్ళో అందరూ అతన్ని పిలుపుల చంద్రరావు అనే అంటారు. కాస్త క్రోటన్ మొక్కలూ, రెండు మడుల గులాబీ అంట్లూ ఉన్న చిన్న నర్సరీ అతని బతుకుతెరువు. అసలు బతుకు మాత్రం జనం పందిళ్ళలో గడిచింది. ఎవరింట పెళ్ళయినా గుమ్మం దగ్గర పన్నీరుబుడ్డితో నిలబడేది చంద్రరావే. బంతి సాగుతుంటే నేతిగిన్నె పట్టుకుని వంగి వంగి, "ఇంకొక్క చుక్క వేయించుకోండి, నా మాట కాదనకండి" అని ఒక్కొక్క ఆకు దగ్గరా వేడుకునేది చంద్రరావే. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, పులుసు అడుగంటిన తరవాత, ఆఖరి బంతిలో మూలన కూర్చుని తినేదీ అతనే. తన పెళ్ళిలో కూడా పీటల మీంచి లేచి, ఆలస్యంగా వచ్చిన ఎవరికో కుర్చీ వేశాడు. పురోహితుడు కొంగుముడి పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టాల్సి వచ్చింది. పక్క మడివాడు గట్టు కాస్త ఇటు జరుపుకుంటానంటే, వాడికి మజ్జిగ ఇచ్చి మరీ జరిపించుకున్నాడు.

ఊరు అతన్ని మంచివాడంటుంది. అతని అక్క అప్పాయమ్మ ఆ మాట వినబడినప్పుడల్లా మూతి తిప్పుకుంటుంది. ఆవిడ దృష్టిలో తమ్ముడిది మంచితనం కాదు, రోగం. ఎవరి మొహం ఎక్కడ ముడుచుకుపోతుందోనని పుట్టిన దగ్గర్నుంచీ ఎదుటివాళ్ళ మొహాలే చూసుకుంటూ బతికే రోగం. అప్పాయమ్మకి మొగుడు చిన్నతనంలోనే పోయాడు. గేదెల్ని మేపుకుని, పాలు పోసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బతికింది. ఎవరైనా మొహం ముడుచుకుంటే ఆ ముడత వాళ్ళదే అనుకుని ఊరుకుంది.

పోయిన కన్ను ఏ కన్నయినా కష్టమే గానీ చంద్రరావుకి కుడికన్ను పోవడమంటే మొత్తం పోవడమే. చిన్నప్పుడు కోతల రోజుల్లో వరివెన్ను గుచ్చుకుని ఎడమకన్ను మసకబారింది. దాంట్లో వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదు. ఇన్నేళ్ళూ లోకాన్ని చూసిందీ, లోకానికి దణ్ణాలు పెట్టిందీ ఆ ఒక్క కుడికన్నుతోనే.

రాజమండ్రిలో కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. పక్కన ఉండటానికి పిల్లలు లేరు. భార్య రామలక్ష్మి ఆసుపత్రి వాసనకే కళ్ళు తిరిగి బయట బల్ల మీద పడుకుంది. డాక్టర్ ఎదురుగా కూర్చుని వినవలసినదంతా అప్పాయమ్మే విన్నది.

"లోపల గ్యాస్ బుడగ పెట్టామమ్మా," అన్నాడు డాక్టర్. "అది కంటి వెనక ఊడిన పొరని నొక్కి పట్టుకుంటుంది. పొర అతుక్కునేదాకా ఆయన మొహం నేలవైపే ఉండాలి. తింటున్నా, పడుకున్నా, నడుస్తున్నా సరే. తల ఎత్తితే బుడగ పక్కకి తప్పుకుంటుంది."

అప్పాయమ్మకి వెంటనే అర్థమైంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ చేతిలో రసమట్టం చూడనివాళ్ళెవరు? ఎటు వంచినా బుడగ పైకే పోతుంది. మనిషి బోర్లా ఉంటే కంటి వెనకభాగం పైన ఉంటుంది, బుడగ అక్కడికి పోయి ఆనుకుంటుంది. వీడు తల ఎత్తాడా, అంతే సంగతులు.

చంద్రరావు మాత్రం కట్టు కట్టిన కంటితో నేలని చూస్తూ ఒక్క ప్రశ్న వేశాడు.

"ఎవరైనా ఇంటికొస్తే లేవచ్చునాండి?"

డాక్టర్ హాస్యమనుకుని నవ్వాడు. అప్పాయమ్మ నవ్వలేదు.

ఇంటికి రాగానే ఆవిడ నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని తమ్ముడింటికి మకాం మార్చింది. అటక మీది పాత నవారు మంచం దింపించింది. తలవైపు నవారు పట్టీలు వదులు చేసి, అటూ ఇటూ లాగి, మొహం పట్టేంత సందు తీసింది. సందు అంచులకి మెత్తటి పాత పంచె చుట్టింది. దాని మీద బోర్లా పడుకుంటే నుదురూ గడ్డమూ పంచె మీద ఆనుతాయి, కంటికి ఏదీ తగలదు, మొహం గచ్చుని చూస్తూ ఉంటుంది. మంచినీళ్ళకి కొబ్బరిబొండాం తాగే గొట్టం పెట్టింది.

"ఇక నేల చూపులు చూడరా అబ్బాయ్. కన్ను నిలబడేదాకా నీకు ఆ గచ్చే చుట్టం, ఆ గచ్చే పక్కం," అంది.

"బాగుందక్కా, హాయిగా ఉంది," అన్నాడు చంద్రరావు. ఉరికొయ్య ఎక్కించినా బాగుందండి అనే మనిషి.

మొదటి పూటే పరామర్శలు మొదలయ్యాయి. ఆ ఊళ్ళో రోగిని చూడటానికి వెళ్ళకపోవడం తప్పు. వెళ్ళి, రోగి మొహం చూడకుండా, రోగికి తన మొహం చూపించకుండా రావడం అంతకన్నా తప్పు. బత్తాయిల సంచి చేత్తో పట్టుకుని మనిషి గుమ్మంలో అడుగు పెట్టడం, "ఎలా ఉందండి చంద్రరావుగారూ?" అనడం, నవారు సందులోంచి తల నీళ్ళలో తాబేలు తలలాగ పైకి లేవడం.

"ఆయ్, రండి రండి! ఎండనపడి వచ్చారు. రామలక్ష్మీ, కుర్చీ వెయ్యి. మజ్జిగ పుచ్చుకుంటారా, కాఫీయా అండి?"

అప్పాయమ్మ చెయ్యి మెడ మీద పడేది. తల మళ్ళీ సందులోకి దిగేది.

"కుర్చీ ఆయనకి కనిపిస్తుంది లేరా. ఆయన కళ్ళు రెండూ లక్షణంగా ఉన్నాయి."

"అది కాదక్కా, బాగోదు."

"ఏం బాగోదు? నీ వీపు చూసి మాట్లాడితే ఆయన నోరు పడిపోతుందా?"

వచ్చినవాళ్ళు ఇబ్బందిగా నవ్వేవారు. నవ్వి వెళ్ళిపోతారా అంటే వెళ్ళరు. ఆపరేషన్ ఎలా చేశారు, కన్ను బయటికి తీశారా, లోపలే కోశారా, మా తోడల్లుడికి ఇలాగే చేస్తే కన్ను పోయిందండి, ఇలా సాగేది. మంచంలో మనిషికి ధైర్యం చెప్పడమంటే ఆ ఊరివాళ్ళకి కన్నుపోయినవాళ్ళ కథలు చెప్పడమే. చంద్రరావు నేల చూస్తూనే, "అయ్యో పాపం, ఇప్పుడెలా ఉన్నారండి వారు?" అని ఆ తోడల్లుడి యోగక్షేమాలు అడిగేవాడు.

రామలక్ష్మి తక్కువ తిన్నదా? మొగుడు రండి రండి అంటే చాలు, ఆవిడ పొయ్యి వెలిగించేది. ఇంట్లో పాలన్నీ పరామర్శలకే పోయాయి. చుక్కల మందు వేసే వేళ దాటిపోతున్నా ఆవిడ గ్లాసులు కడుగుతూ నిలబడేది.

"ఏమ్మా, మందు వెయ్యవా?" అంటే, "వాళ్ళు వెళ్ళాక వేద్దామని వదినగారూ, వాళ్ళ ముందు వేస్తే పొమ్మన్నట్టు ఉంటుందని," అంది.

అప్పాయమ్మ ఆవిడని పైనుంచి కిందికి చూసింది. దేవుడు ఎంత వెతికి కలిపాడో ఈ జంటని, అనుకుంది.

మర్నాడు చిన్నమ్మాయి వచ్చింది. పేరు చిన్నమ్మాయి గానీ మనవరాళ్ళకి పెళ్ళిళ్ళు అయిపోతున్న మనిషి. చేతిలో తామరాకు పొట్లం. విప్పితే నందివర్ధనం పూలు, తెల్లగా, తడిగా.

"కళ్ళకి ఇంతకన్నా చలవ లేదు తమ్ముడూ. మా అమ్మ మా అందరికీ ఇదే వేసేది. కట్టు కాస్త జరిపితే రెండు చుక్కలు పసరు పిండుతాను, పూలు పైన పెట్టుకుని పడుకో. ఆ ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి."

ఇక్కడ ఎవరైనా ఏమంటారు? వద్దండీ అంటారు. చంద్రరావు అనలేదు. కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంటుంది. ఎండలో పూలు కోసుకొచ్చింది కదా.

"ఆయ్, మీ చేతి చలవ అక్కగారూ, వెయ్యండి," అని చెయ్యి కట్టు దగ్గరికి పోనిచ్చాడు.

నిన్నగాక మొన్న కోసిన కంట్లో పసరు పోయించుకోవడానికి మనిషి సిద్ధపడ్డాడు. ఎందుకు? ఒక ముసలమ్మ మొహం మాడిపోకుండా ఉండటానికి.

అప్పాయమ్మ అతని చెయ్యి పట్టుకుని మంచం పట్టెకి అదిమింది. రెండో చేత్తో పొట్లం లాక్కుని దేవుడి పటాల ముందు దిమ్మరించింది. "దేవుడి కళ్ళకి చలవ చెయ్యనీ. వీడి కన్ను జోలికి రాకు చిన్నమ్మాయీ."

చిన్నమ్మాయి బుగ్గలు నొక్కుకుంది. "మంచికి పోతే ఇదా మాట!"

"మంచికే పో. మీ ఇంటికే పో."

ఆవిడ వెళ్ళాక చంద్రరావు మంచంలోంచి నిట్టూర్చాడు. "పాపం నొచ్చుకుంది."

"నొచ్చుకుంటే మందు ఉంది, నిద్రపోతే పోతుంది. నీ కన్నుకి ఉందా? అసలు నీ కన్ను పెద్దదా, ఆవిడ మొహం పెద్దదా చెప్పు."

చంద్రరావు మొహం సందులోకి ఇంకాస్త దించుకున్నాడు. నిజం చెప్తే అక్క కొడుతుందని అతనికి తెలుసు.

గేటుకి తాళం వేద్దామని అప్పాయమ్మ తాళంకప్ప తీస్తే, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకేసారి ఏడుపందుకున్నారు. పట్టపగలు ఈ గుమ్మానికి తాళం పడిన రోజు లేదట. ఎవరైనా వచ్చి వెనక్కి వెళ్తే ఇంటికి అరిష్టమట. ఏడిస్తే కంటికి చెరుపని అప్పాయమ్మ తాళంకప్ప పక్కన పెట్టి, వేరే నియమం పెట్టింది. చంద్రరావు మొహం చూడాలనుకున్నవాళ్ళు గచ్చు మీద కూర్చుని, మంచం కిందికి వంగి చూడవచ్చు. కుర్చీలన్నీ పెరట్లో పెట్టేసింది.

నియమం బ్రహ్మాండంగా పనిచేసింది. ఇస్త్రీ పంచెలవాళ్ళూ, ప్యాంట్లవాళ్ళూ, మోకాళ్ళ నెప్పులవాళ్ళూ గుమ్మంలోంచే తప్పుకున్నారు. రోగి మీద ప్రేమ ఎంతవరకంటే పంచె నలగనంతవరకు. కాకినాడ నుంచి రామలక్ష్మి మేనకోడలు పాపాయి వీడియో ఫోన్ చేస్తే, ఫోన్ మంచం కింద గచ్చు మీద పెట్టారు. అవతల పాపాయికి మామయ్య ముక్కురంధ్రాలే కనిపించాయి గానీ అతను సంతోషంగా మాట్లాడాడు, తలా ఎత్తలేదు. అప్పాయమ్మకి ఆ ఫోన్ మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

గచ్చు మీద కూర్చున్న ఒకే ఒక్క మనిషి ఎదురింటి సంపూర్ణమ్మ. లూథరన్ చర్చి ఆవిడ. వస్తూనే బాసింపట్టు వేసుకుని, "ప్రార్థన చేస్తాను చంద్రరావుగారండి, మీరు తల వంచుకునే ఉండండి," అని కళ్ళు మూసుకుంది. మొదలుపెట్టిందంటే ఊళ్ళో రోగులందరినీ, వరదల్ని, కోతల్ని, ప్రభుత్వాన్ని దాటుకుని గానీ చంద్రరావు కంటి దగ్గరికి రాదు. మామూలుగా అయితే అప్పాయమ్మ అంత పొడుగు ప్రార్థన వినలేక గేదెల వంకతో లేచిపోయేది. ఇప్పుడు, "ఇంకాస్త చెయ్యి సంపూర్ణమ్మా, తొందరేం లేదు," అంది. ఆవిడ చేసినంత సేపూ తమ్ముడి తల కదలలేదు.

అలా నెట్టుకొస్తుండగా మురళీకృష్ణ వచ్చాడు.

ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద నర్సరీ మురళీకృష్ణది. లారీలు అతని గేటు ముందు వరస కడతాయి. కూతురు హారతికి పెళ్ళి కుదిరింది. భార్యతో కలిసి వెండిపళ్ళెంలో శుభలేఖ, తాంబూలం, కుంకుమభరిణె పట్టుకుని స్వయంగా వచ్చాడు. అప్పాయమ్మ అప్పుడు పెరట్లో స్నానం చేస్తోంది. తలకి తువ్వాలు చుట్టుకుని లోపలికి వచ్చేసరికి, పెరట్లో ఉండవలసిన కుర్చీలు హాల్లో ఉన్నాయి. మురళీకృష్ణ ఒక దాంట్లో, భార్య ఒక దాంట్లో. మూడో దాంట్లో చంద్రరావు! వెన్ను నిటారుగా పెట్టి, కట్టు కట్టిన మొహం అతిథుల వైపు ఎత్తి, రెండు చేతులా శుభలేఖ కళ్ళకద్దుకుంటున్నాడు.

"తప్పకుండానండి. అంత మాటా? మీరు చెప్పాలాండి?"

అప్పాయమ్మ ఒక్క అంగలో వెళ్ళి తమ్ముడి తల పట్టుకుని, గడ్డం గుండెకి తగిలేలా కిందికి వంచింది.

"ఏంట్రా తప్పకుండా?"

మురళీకృష్ణ చిరునవ్వుతో చెప్పాడు. "ఏం లేదండి అత్తయ్యగారూ. పెళ్ళినాడు మధ్యాహ్నం ఒక్క గంట బాబాయ్‌గారు గుమ్మంలో నిలబడితే చాలండి. నల్లకళ్ళజోడు పెట్టిస్తాం. పక్కన కూలర్ పెట్టిస్తాం. ఆయన లేకపోతే మా పందిరికి కళ ఏదండి?"

"నిలబడి నేల చూస్తూ పిలుస్తాడా?"

"నేల చూస్తూ ఎలాగండి? రాజమండ్రి నుంచీ, కాకినాడ నుంచీ పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. మొహం చూసి నమస్కారం పెట్టొద్దూ? డాక్టర్లు అలాగే భయపెడతారండి. ఒక్క గంటకి ఏమైపోతుంది?"

"నీ పందిరికి కళ కావాలంటే దీపాలు పెట్టించుకో బాబూ. మావాడి కన్ను పెట్టకు."

"అక్కా!" గడ్డం గుండెకి ఆనుకునే చంద్రరావు అరిచాడు. "ఇంటికొచ్చినవాళ్ళతో ఆ మాటలేంటి! ఏమీ అనుకోకండి మురళీకృష్ణగారూ. మా అక్క మనసు మంచిదేనండి. నేను వస్తాను. మాట ఇస్తున్నాను."

వాళ్ళు వెళ్ళేదాకా మురళీకృష్ణ నవ్వు మొహం మీంచి చెరగలేదు. ఆ నవ్వు చూసి అప్పాయమ్మకి ఒళ్ళు మండింది. పందిరి కోసం అరటిచెట్లు నరికిస్తాడు, మామిడికొమ్మలు విరిపిస్తాడు. అలాగే ఇంకొకడి కన్ను కూడా తెచ్చి గుమ్మానికి కడతానంటున్నాడు. ఇచ్చేవాడు ఉండగా అడిగేవాడికేం సిగ్గు?

"ఆ కన్ను పోతే ఏం చేస్తావురా?" తమ్ముణ్ణి మంచం మీద బోర్లా పడేశాక అడిగింది.

"పోదక్కా. ఒక్క గంట."

"పోతే?"

"ఇంతమంది ఉన్నారు కదక్కా. అందరికీ నేను చేసినవాణ్ణే కదా."

అప్పాయమ్మ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. "ఎవరున్నారు? గచ్చు మీద కూర్చోమంటే పంచె నలుగుతుందని గుమ్మంలోంచి పారిపోయారు చూడు, వాళ్ళేనా? నువ్వు గుడ్డివాడివైతే నీ చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపిస్తారా? గుమ్మానికి ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. నిన్ను తీసుకెళ్ళి వంటశాల వెనక మూల కూర్చోబెడితే అదే గొప్ప."

"నువ్వు అందరినీ అలాగే చూస్తావు."

"నేను చూస్తాను. నువ్వు చూడవు. అందుకే నాకు రెండు కళ్ళూ మిగిలాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ తరవాత చంద్రరావు అక్క ముందు పెళ్ళి ఊసు ఎత్తలేదు. కానీ పెళ్ళి దగ్గర పడుతుంటే రామలక్ష్మి బీరువాలోంచి అతని పట్టులాల్చీ తీసి బల్ల మీద పరిచి ఇస్త్రీ చేయడం అప్పాయమ్మ చూసింది. ఆవిడ కంట పడగానే రామలక్ష్మి లాల్చీ మీద తువ్వాలు కప్పింది. వెళ్ళడం ఖాయం. కాళ్ళూ చేతులూ కట్టేసినా ఆ మొగుణ్ణి ఈ పెళ్ళాం విప్పి పంపిస్తుంది.

అప్పాయమ్మ పెరట్లో నీళ్ళకుండీ గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. బతిమాలినా, తిట్టినా వీడు వినడు. వీడు దేనికి కట్టుబడతాడు? మర్యాదకి కట్టుబడతాడు. మర్యాద తప్ప వీడికి అమ్మా నాన్నా అక్కా ఎవరూ లేరు. ఆ మర్యాదలో ఒక ముక్క ఆవిడకి తళుక్కున తోచింది. పెళ్ళిళ్ళకి ఊరందరినీ పిలిచే ఈ మహానుభావుడు, పిలుపు అందని పందిరి ఛాయలకి పోడు. ఒకసారి సొంత పినతండ్రి కొడుకు పెళ్ళికే పిలుపు మరిచిపోతే, వీధి మొగలో నిలబడి బాజాలు విని, ఆకలితో ఇంటికి తిరిగొచ్చాడు. ఎందుకెళ్ళలేదంటే, పిలవలేదు కదండీ, అన్నాడు.

అయితే పిలుపు లేకుండా చేస్తే సరి.

లేచి హాల్లోకి వెళ్ళింది. దేవుడి పటాల దగ్గరున్న శుభలేఖ తీసింది. తాంబూలం తీసింది. చంద్రరావు గచ్చుని చూస్తూ ఉన్నాడు, ఆవిడ అడుగుల చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. వీధిలోకి వెళ్ళి, ఎవరు పలకరించినా ఆగకుండా, నేరుగా మురళీకృష్ణ ఇంటికి నడిచింది.

పందిరి వేస్తున్నారు. బంధువులు అప్పటికే దిగారు. అరుగు నిండా ఆడవాళ్ళు పూలు గుచ్చుతున్నారు. అప్పాయమ్మ అరుగు ఎక్కి, శుభలేఖా తాంబూలమూ మురళీకృష్ణ భార్య ముందున్న పళ్ళెంలో పెట్టింది.

"ఇదిగోనమ్మా మీ పిలుపు. మా గుమ్మం దీన్ని పట్టుకోలేదు. తిరిగి ఇచ్చేస్తున్నాను."

సూదులు ఆగిపోయాయి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు కూడా శుభలేఖ తిప్పి పంపరు. రాలేకపోతే రాలేకపోతారు, అంతే. ఇంటికొచ్చి బొట్టు పెట్టి ఇచ్చిన పిలుపుని తెచ్చి మొహాన పెట్టడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"ఇదేం అపశకునం అత్తయ్యగారూ!" అని మురళీకృష్ణ భార్య పళ్ళెం దూరంగా తోసేసింది.

లోపల్నుంచి పసుపు మొహంతో పెళ్ళికూతురు హారతి వచ్చి నిలబడింది. అప్పాయమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. "నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. నా కోపం నీ పెళ్ళి మీద కాదు. మీ నాన్నకి గుమ్మం దగ్గర బొమ్మ కావాలిట. మా ఇంట్లో బొమ్మలు లేవు."

మురళీకృష్ణ అప్పటికి వచ్చాడు. ఇప్పుడు నవ్వు లేదు. "ముసలావిడని ఊరుకుంటున్నాను. మీ ఇంటి పిలుపు తీసేశానండి. ఇకమీద మీ గుమ్మం మేం తొక్కం, మా గుమ్మంలోకి మీరెవరూ రావద్దు."

"ఆ మాట అందరూ విన్నారు కదా? విన్నారా పిల్లా?" అని పూలు గుచ్చే ఆడవాళ్ళని అడిగి, సరేనని తలూపించుకుని మరీ అరుగు దిగింది.

ఇంటికి వచ్చి, నవారు మంచం పక్కన గచ్చు మీద చతికిలబడి, కిందికి వంగి తమ్ముడి మొహంలోకి చూస్తూ సంగతంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు.

 గచ్చు మీద ఒక బొట్టు పడింది, ఇంకొకటి పడింది.

"ఏడవకు. కన్ను తడవకూడదు."

"నువ్వు నన్ను చంపేశావక్కా."

"చంపలేదు. పిలుపు లేకుండా చేశాను. వెళ్తావా ఇప్పుడు?"

"పిలవని ఇంటికి ఎలా వెళ్తాను?"

"అదీ."

రామలక్ష్మి లాల్చీ మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ వేళ నుంచి మొగుడూ పెళ్ళాం అప్పాయమ్మతో మాట్లాడటం మానేశారు. అన్నం పెడితే తిన్నారు, మందు వేస్తే వేయించుకున్నారు. పరామర్శలు కత్తిరించినట్టు ఆగిపోయాయి. శుభలేఖ తిప్పికొట్టిన ఇంటికి వస్తే మురళీకృష్ణ ఏమనుకుంటాడోనని ఊరంతా పక్కదారి పట్టింది. మంచం మీద తల లేవాల్సిన పనే లేకుండా పోయింది. ఇన్నాళ్ళూ తన చెయ్యి చెయ్యలేని పని ఊరి పిరికితనం ఇంత సులువుగా చేసేసిందని అప్పాయమ్మ ఆశ్చర్యపోయింది. ముందే తెలిస్తే మొదటి రోజే ఎవరినో ఒకరిని తిట్టి వచ్చేది.

పెళ్ళి మధ్యాహ్నం మైకులో బాజాలు వినిపిస్తుంటే చంద్రరావు నవారు సందులో మొహం పెట్టుకుని, "ఇప్పుడు గుమ్మంలో ఎవరున్నారో," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. గచ్చుతో అయి ఉంటుంది.

సంగతులు మర్నాడు సంపూర్ణమ్మ చెప్పింది. గుమ్మంలో క్యాటరింగ్ కంపెనీవాళ్ళు పెట్టిన ఒకేలాంటి చీరల అమ్మాయిలు నిలబడి అందరికీ గులాబీలు ఇచ్చారట. బంతులు లేవు, బఫే. ఎవరి పళ్ళెం వాళ్ళదే, ఎవరి వరస వాళ్ళదే. కొసరేవాళ్ళు లేరు.

చంద్రరావు మంచంలోంచి మెల్లిగా అడిగాడు. "నా గురించి ఎవరైనా అడిగారాండి?"

సంపూర్ణమ్మ అబద్ధమాడని మనిషి. ఇబ్బంది పడింది. "అందరూ అప్పాయమ్మగారి గురించే మాట్లాడుకున్నారండి," అంది.

అప్పాయమ్మ వంటింట్లోంచి విన్నది. తమ్ముడి మీద జాలి పడదామని చూసింది గానీ జాలి రాలేదు, నవ్వే వచ్చింది. బతుకంతా ఊరికి ఊడిగం చేసినవాడి పేరు ఒక్కరి నోట రాలేదు. ఒక్కసారి తిట్టిన తన పేరు మాత్రం అందరి పళ్ళేల్లో వడ్డించారు.

రాజమండ్రిలో డాక్టర్ కట్టు విప్పి, దీపం వేసి చాలాసేపు చూశాడు. అప్పాయమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పొర అతుక్కుంది, అన్నాడు. బుడగ కరుగుతోంది, చూపు నెమ్మది మీద తేటపడుతుంది, ఇక తల ఎత్తవచ్చు అన్నాడు. ఇంత బాగా తల వంచుకున్న పేషెంట్లు తక్కువమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. చంద్రరావు వెంటనే, "అంతా మీ దయండి," అన్నాడు. పక్కన ఉన్న అక్కవైపు చూడలేదు.

బుడగ పూర్తిగా కరిగి చూపు తేటపడ్డాక, ఒక పొద్దున అతను స్నానం చేసి, ఆ ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని గుమ్మం దిగాడు. అప్పాయమ్మ చీరలు సంచిలో సర్దుకుంటోంది, తన ఇంటికి తాను వెళ్ళడానికి.

"ఎక్కడికిరా?"

ఇన్నాళ్ళకి నోరు విప్పాడు. "మురళీకృష్ణగారింటికి. నువ్వన్న మాటలకి క్షమాపణ చెప్పుకుని వస్తాను. చదువు లేని మనిషండి, మనసులో ఏమీ ఉండదండి అని చెప్తాను."

అప్పాయమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. తను నిలబెట్టిన కన్నుతో దారి చూసుకుంటూ, తన తరపున తనని అడక్కుండా తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్నాడు. ఇలాంటివాణ్ణి ఏం చెయ్యాలి? ఆవిడ నోటి దాకా వచ్చిన తిట్టు ఈ లోకంలో ఏ తమ్ముడూ తిని ఉండడు. కానీ అది బయటికి రాకముందే ఆవిడ చూపు వీధిలోకి పోయింది.

చంద్రరావు గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగాడు. వీధి చివర, కాలవ వంతెన మీద, గడ్డిమోపు వేసుకుని ఎవరో సైకిల్ మీద వస్తున్నారు. అప్పాయమ్మ కళ్ళు చికిలించినా మనిషెవరో పోల్చుకోలేకపోయింది. చంద్రరావు చెయ్యి ఎత్తాడు.

"ఆయ్, జీవరాజుగారూ! అలా వెళ్ళిపోతున్నారేంటండి, రండి రండి! కాఫీ తాగి వెళ్దురుగాని!"

సైకిల్ ఇటు తిరిగింది. దగ్గరికి వస్తే జీవరాజే.

అప్పాయమ్మ వచ్చిన తిట్టు మింగేసింది. సంచిలో సర్దిన చీర మీద ఇంకో చీర కుక్కి, వంటింటి వైపు తిరిగి కేకేసింది.

"పాలు పెట్టవే రామలక్ష్మీ. నీ మొగుడికి కన్ను బాగా కనిపిస్తోంది. అప్పుడే ఒకణ్ణి తోలుకొస్తున్నాడు."